సోమవారం ఆయాసం

ప్రత్తిపాడులో మా వీధిని నిద్ర లేపేది జైతున్‌బీ గొంతు. ఇంకా చీకటి ఉండగానే తలుపు తీసుకుని బయటికొచ్చి, “ఏమే, లేచారా, ఇంకా దొర్లుతున్నారా” అని ఒక్క కేక పెడితే, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆడవాళ్లు క్యారియర్లు పట్టుకుని గడప దాటేవాళ్లు. ఊరి బయట పత్తి జిన్నింగు మిల్లుకు వెళ్లే ముఠాకు ఆమె మేస్త్రి. నేను బట్టలు కుట్టుకునే దాన్ని. వసారాలో మిషను వేసుకుని రోజంతా వీధికేసి కూర్చుంటాను కాబట్టి, ఎవరింట్లో ఎవరు అలిగినా, ఎవరు దగ్గినా నాకు తెలియకుండా పోదు.

ముందే చెబుతున్నాను, జైతున్‌బీ చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషే అయితే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని, ఇంతసేపు చెప్పాల్సిన పనే లేదు.

ఆమె దూదేకుల వారి ఆడపడుచు. తండ్రి సిలార్ సాహెబు భుజాన విల్లు వేసుకుని ఊరూరూ తిరిగి, పరుపుల్లో గడ్డకట్టిన దూదిని ఏకి పెట్టేవాడు. విల్లు తాడు మీద కొయ్యతో కొడుతుంటే దూది పొరలు పొరలుగా లేచేది, సన్నటి నూగు గదంతా కమ్మేసేది. జైతున్ ఆ నూగులోనే పాకింది, ఆ నూగులోనే అన్నం తింది. పెద్దవయసులో సిలార్ సాహెబు దగ్గుతూనే ఉండేవాడు. బీడీల దగ్గని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. ఆయన బీడీలు మానేశాడు, దగ్గు మాత్రం మానలేదు. అయినా ఎవరూ దూదిని అనుమానించలేదు. తిండి పెట్టేదాన్ని ఎవరు అనుమానిస్తారు?

“దూది మా కులానికి అన్నం పెట్టింది. పేగులు మాడ్చిందేమో గానీ ప్రాణాలు తీయలేదు,” అనేది జైతున్‌బీ.

ఆమె భర్త ఆదాం గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు. మిల్లు కట్టినప్పుడు ఓనరు ఊళ్లోకొచ్చి ఆడకూలీలు కావాలని అడిగితే, ముందుకొచ్చింది జైతున్‌బీయే. దూది సంగతి తనకు తెలుసన్నది. వీధిలో ఆడవాళ్లను పోగేసింది, పని నేర్పింది. ఎవరినైనా సూపర్వైజరు నోరు జారి ఒక మాటంటే, అతను రెండో మాట అనకుండా చేసింది. మిల్లు హాలులో రెండు వరసల జిన్నులు, అంటే గింజ తీసే మిషన్లు, ఉంటాయి. ఆడవాళ్లు మిషను ముందు నిలబడి పత్తిని చేత్తో అందిస్తుంటే దూది ఒక పక్కకు, గింజలు ఒక పక్కకు పడతాయి. ఈ రెండూ కానిది గాలిలో ఉంటుంది. ఆ గాలిని బయటికి తోడేయడానికి గోడలకు పెద్ద ఫ్యాన్లు బిగించారు. అవి ఎవరైనా తనిఖీకి వచ్చిన రోజునే తిరిగేవి.

సాయంత్రం పని దిగేటప్పుడు జైతున్‌బీ అందరికీ తలా ఒక బెల్లం ముక్క పెట్టేది. గొంతులో పడిన నూగును బెల్లం కడిగేస్తుందని ఆమె నమ్మకం. ఆమెదే కాదు, మిల్లు వాళ్లది కూడా. బెల్లం ఖర్చు వాళ్లే పెట్టుకునేవారు, ఫ్యాన్ల కరెంటు కన్నా అది చవక. కొత్తగా వచ్చిన పిల్ల ఎవరైనా మూతికి చున్నీ కట్టుకుంటే జైతున్‌బీ ఆటపట్టించేది.

“ఏమ్మా పెళ్లికూతురా, ఎవరికి సిగ్గుపడి మొహం దాచుకున్నావు?”

అందరూ నవ్వేవారు. చున్నీ దిగిపోయేది.

వెంకాయమ్మ మా ఎదురింటావిడ. ఆమె భర్త పానకాలు కౌలుకు పత్తి వేసేవాడు. రెండేళ్లు వరసగా పురుగు తినేయడంతో ఆమె ముఠాలో చేరింది. సన్నగా, గాలేస్తే పడిపోయేటట్టు ఉండేది గానీ, జిన్నుకు పత్తి అందించడంలో ఆమె చేతి వేగం ఎవరికీ లేదు. జైతున్‌బీకి ఆమె అంటే ప్రాణం. సొంత చెల్లెలిని కూడా అంత బాగా తిట్టలేదని మేం అనుకునేవాళ్లం.

రెండో సీజనులో వెంకాయమ్మకు ఆయాసం మొదలైంది. అది కూడా ఒక్క సోమవారం నాడే. ఆదివారం మిల్లుకు సెలవు. సోమవారం పొద్దున మిషను ముందు నిలబడిన కాసేపటికి గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేదట. మంగళవారానికి తేలికపడేది. బుధవారానికి మామూలు మనిషయ్యేది. మళ్లీ సోమవారం అదే తంతు. ఊళ్లో ఆర్ఎంపీ సూదులు వేసి ఉబ్బసం అన్నాడు. జైతున్‌బీ మాత్రం ఆ సోమవారాల గురించి బాగా ఆలోచించింది.

“ఆదివారం ఇంటికాడ ఉంటన్నావు, సోమారం ఆయాసం వస్తంది. మిల్లుకొచ్చినాక తగ్గుతంది. మరి రోగం మిల్లులో ఉందా, మీ ఇంట్లో ఉందా?”

“ఇంట్లోనే ఉన్నట్టుందక్కా,” అంది వెంకాయమ్మ.

“ఉన్నట్టుంది కాదే, ఉంది. పొయ్యి పొగ, మీ ఆయన బీడీ పొగ. ఆ కొంపలో రోజంతా కూకుంటే నాకైనా వస్తది. ఆదివారం కూడా నాతో వచ్చెయ్.”

ఆ మాట నా వసారా ముందే అన్నది. విన్నవాళ్లందరికీ సబబుగానే తోచింది. నాకూ తోచింది.

ఆదివారం మిల్లు ఆగినప్పుడు మిషన్ల మీదా దూలాల మీదా వారమంతా పేరుకున్న దుమ్మును దులిపి ఊడుస్తారు. ఆ పనికి మనుషులు దొరక్క ఓనరు కొడుకు నాగచైతన్య తంటాలు పడేవాడు. వ్యవహారమంతా చూసేది అతనే. జైతున్‌బీ వెళ్లి వెంకాయమ్మకు ఆ పని ఇమ్మని అడిగింది. అడగడమేమిటి, బతిమాలింది. అతను సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ ఆదివారం వెంకాయమ్మ దూలాలు దులిపింది. సోమవారం ఆయాసం రాలేదు.

ఇక చూడాలి జైతున్‌బీని. బస్సు స్టాండు దాకా వినపడేటట్టు చెప్పుకుంది. “ఆర్ఎంపీ సూదులు పొడిచి పొడిచి చేతగాక వదిలేశాడు. నేను ఒక్క ఆదివారంతో కుదిర్చాను.” ఆ తర్వాత ముఠాలో సోమవారం గుండె పట్టేసిందని ఎవరు అన్నా ఆమె చెప్పే మందు అదొక్కటే. ఆదివారాలు చీపుళ్లు పట్టుకుని వెళ్లేవాళ్లు పెరిగారు. వెంకాయమ్మ అయితే ఏ సీజనులోనూ ఒక్క ఆదివారం మానలేదు. అక్క చెప్పింది కదా అనేది.

అలా కొన్ని సీజన్లు గడిచాయి. తర్వాత ఆయాసానికి వారాలతో పని లేకుండా పోయింది. మంగళవారమూ వచ్చింది, శుక్రవారమూ వచ్చింది. బోరింగు దగ్గర బిందె నింపి ఇంటికొచ్చేలోపు వెంకాయమ్మ మా అరుగు మీద ఒకసారి, వాళ్ల అరుగు మీద ఒకసారి కూలబడేది. మాట మొదలుపెడితే చివరిదాకా వచ్చేది కాదు. ఒక రోజు జిన్ను ముందే పడిపోయింది. జైతున్‌బీ ఆటో మాట్లాడి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తూ, నాలుగు అక్షరాలు చదవగలిగిన మనిషినని నన్నూ ఎక్కించుకుంది.

వెంకాయమ్మను లోపల పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. బయట మమ్మల్ని ధనశ్రీ అనే డాక్టరమ్మ కూర్చోబెట్టి మాట్లాడింది. చిన్నదే, ఓపిక గల పిల్ల. పని ఏమిటని అడిగింది. ఆయాసం మొదట్లో ఎప్పుడెప్పుడు వచ్చేదని అడిగింది. జైతున్‌బీకి ఆ ప్రశ్న ఎంత నచ్చిందో. కుర్చీ ముందుకు జరిపి మరీ చెప్పింది. సోమవారాల సంగతి, తన ఆలోచన, ఆదివారం దులుపుడు పని, ఆ మరుసటి రోజే గుణం కనిపించడం, అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. మెచ్చుకుంటుందని ఎదురుచూసింది.

డాక్టరమ్మ మళ్లీ అడిగింది. “సెలవు తర్వాత పనిలోకొచ్చిన రోజునే వచ్చేదా అమ్మా? కచ్చితంగా?”

“కచ్చితమండి. నా కళ్లతో చూశాను.”

“అది పత్తి దుమ్ము జబ్బుకు గుర్తు అమ్మా. రోజూ దుమ్ములో ఉంటే ఒళ్లు దానికి అలవాటుపడినట్టు ఊరుకుంటుంది. ఒక రోజు దూరంగా ఉండి మళ్లీ లోపలికి వెళ్లేసరికి పట్టేస్తుంది. ఆదివారం కూడా తీసుకెళ్లారు కాబట్టి సోమవారం తెలియలేదు. జబ్బు తగ్గలేదు. తగ్గినట్టు కనిపించిందంతే.”

“మరి ఆ ఆదివారాలు ఇంటికాడే ఉండుంటే?”

“ఆ మొదట్లోనే మిల్లు మానేసి ఉంటే చాలావరకు కోలుకునేది. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడైపోయాయి. మందులతో నెట్టుకురావాలి.”

డాక్టరమ్మ ఆ మాట నెమ్మదిగానే అంది, నింద లేకుండా అంది. జైతున్‌బీ తల ఊపింది. ఊపుతూనే ఉంది. ఆ పిల్ల లేచి వెళ్లిపోయాక కూడా ఊపుతుంటే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను.

తిరుగు బస్సులో నా చెవిలో అంది. “దానికి చెప్పబాకే.”

“నేను చెప్పను అత్తా. నువ్వే చెప్పుకో,” అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను. ఆ వయసు మనిషితో అలా అనకూడదు, కానీ నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియక ఎదురుగా ఉన్న మనిషి మీద చూపించాను.

ఆమె చెప్పలేదు. ఆదివారం పనికి ఇక ఎవరూ వెళ్లొద్దని మాత్రం అరిచింది. మూతికి గుడ్డ కట్టుకోని దాన్ని మిల్లు గేటు దాటనివ్వలేదు. ఎందుకో చెప్పకపోయేసరికి, అత్తకు వయసు మీద పడి చాదస్తం వచ్చిందని ఆడవాళ్లు నవ్వుకున్నారు.

వెంకాయమ్మ ఇంటికొచ్చాక జైతున్‌బీ అక్కడే తిష్ట వేసింది. నీళ్లు మోసింది, తల దువ్వింది, వాళ్లకు గంజి కాచి తర్వాత తన ఇంట్లో పొయ్యి వెలిగించింది. చెప్పాలనే వెళ్లేది. వెళ్లగానే వెంకాయమ్మ మొదలుపెట్టేది. “అక్క ఆదివారాలు తీసుకుపోబట్టి గానీ... లేకపోతే ఎప్పుడో పోయేదాన్ని.” మధ్యలో ఊపిరి అందక ఆగి, ఆ తర్వాత మిగతాది పూర్తి చేసేది. వినడానికి వచ్చిన ప్రతివాళ్ల దగ్గరా ఇదే మాట. అది విన్న రోజు జైతున్‌బీ అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయేదని ఆదాం మామ నాతో అన్నాడు.

ఆసుపత్రి కాగితాల్లో పత్తి దుమ్ము జబ్బని రాసి ఉండేసరికి పానకాలు ఊరుకోలేదు. మా ఊరివాడే ఇమ్మానుయేలు గుంటూరులో లాయరు. అతన్ని కలిశాడు. మిల్లులో చెయ్యి తెగితేనే నష్టపరిహారం అనుకునేవాళ్లం మేమంతా. పని చేసే చోట పీల్చిన గాలి వల్ల వచ్చే జబ్బుకూ ఉంటుందని, పత్తి దుమ్ము జబ్బు పేరు చట్టంలోనే ఉందని ఇమ్మానుయేలు చెప్పాడు. సీజను మిల్లు కాబట్టి వీళ్లకు ఈఎస్ఐ బీమా లేదు, ఓనరే ఇవ్వాలి అన్నాడు. కార్మిక శాఖ కమిషనరు దగ్గర కేసు వేశాడు.

మిల్లు వాళ్ల జవాబు వచ్చింది. ఆమె రోగం ఇంటి నుంచి తెచ్చుకున్నదే, మా గాలికి సంబంధం లేదు, కావాలంటే ఆమె మేస్త్రినే అడగండి అన్నారు.

నాగచైతన్య కారు మా వీధిలో ఆగింది. అతను జైతున్‌బీ ఇంట్లోకి వెళ్లలేదు, బయటే మంచం మీద కూర్చున్నాడు. నా మిషను దానంతట అదే ఆగిపోయింది.

“అబద్ధం చెప్పమనట్లేదు జైతున్‌బీ. నువ్వెప్పుడూ అనే మాటే అక్కడా చెప్పు. ఇంట్లో ఉంటే వస్తుంది, మిల్లుకొస్తే తగ్గుతుంది అని ఎన్నిసార్లు అన్నావు? మా అందరికీ తెలిసిన సంగతేగా.”

“అన్నాను బాబూ.”

“అంతే. వచ్చే సీజనులో కూడా మీ ముఠాయే ఉంటుంది.”

అతను వెళ్లాక జైతున్‌బీ చాలాసేపు ఆ మంచం దగ్గరే నిలబడింది. నేను వెళ్లి ఏం చేస్తావని అడిగాను.

“ఆ బాబు నా నోట్లోంచి వచ్చిన మాటే తీసి నాకు అప్పజెప్పాడే. కాదని ఎట్టా అనేది?” అంది.

ఇమ్మానుయేలు కూడా వచ్చి కూర్చున్నాడు. డాక్టరమ్మ జబ్బు పేరు చెబుతుంది గానీ, అది మిల్లు హాలులో ఎలా మొదలైందో కళ్లారా చూసినవాళ్లు చెప్పాలన్నాడు. డాక్టరమ్మ దగ్గర తను విన్న సోమవారాల సంగతీ, ఆదివారాల సంగతీ దాచకుండా చెప్పాలన్నాడు. ముఠాలో మిగతావాళ్లు పని పోతుందని భయపడి రామన్నారు. ఇక ఉన్నది జైతున్‌బీ ఒక్కతే.

“వెంకాయమ్మ కూడా అక్కడ ఉంటుందా?” అని అడిగింది.

“ఉంటుందమ్మా. కేసు ఆమెదే కదా.”

విచారణ రోజున అందరం ఒకే ఆటోలో గుంటూరు వెళ్లాం. వెంకాయమ్మ దారంతా జైతున్‌బీ భుజం మీద తల వాల్చి ఉంది. అక్కడ పెద్ద కోర్టు హంగామా ఏమీ లేదు. ఒక గది, నాలుగు కుర్చీలు, అవతల కమిషనరు గారు. గదిలో ఫ్యాను బాగానే తిరుగుతోంది.

జైతున్‌బీని నిలబెట్టారు. వీధిని లేపే ఆ గొంతు, గట్టిగా చెప్పమ్మా అని కమిషనరు గారు రెండుసార్లు అంటే గానీ పైకి లేవలేదు. ఇమ్మానుయేలు అడిగినవాటికి జవాబులు చెప్పింది. తర్వాత మిల్లు లాయరు లేచాడు.

“ఇంటి దగ్గర ఉంటేనే ఆమెకు ఆయాసం వస్తుందని మీరు అనేవారా, లేదా?”

“అనేదాన్నండి.”

“మిల్లుకొస్తే తగ్గుతుందని?”

“అదీ అనేదాన్ని. నాకు తెలవక అన్నానండి. పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెప్పినాక తెలిసింది. సోమారం వచ్చే ఆయాసమే దుమ్ము జబ్బంట. అది కనపడకుండా ఆదివారాలు కూడా దాన్ని ఆ దుమ్ములోకి తోలాను. ఇంటికాడ కూకోబెట్టి ఉంటే బాగుపడేది.”

“ఆదివారం రమ్మని మిల్లు యాజమాన్యం చెప్పిందా?”

“లేదండి. నేనే బతిమాలి పని ఇప్పించాను.”

ఆ లాయరు మొహం వెలిగింది. “అంటే ఆమె ఈ స్థితికి రావడానికి కారణం మీరు. అంతేనా?”

“నేనే. రాసుకోండి.” అప్పుడు లేచింది ఆమె గొంతు, మా వీధి గొంతు. “రాసుకోండి, నేనే తీసుకుపోయాను. కానీ ఆ దుమ్ము నేను తేలేదు గదండీ. ఆ ఫ్యాన్లు నేను ఆపలేదు గదా. నా తప్పు నాకు ఉంచి, వాళ్లది వాళ్లకు రాయండి.”

వెంకాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. జైతున్‌బీ అటు చూడలేదు. చూసే ధైర్యం లేదని తర్వాత నాతో అంది. ఆటోలో కూడా డ్రైవరు పక్కన కూర్చుంది.

తీర్పు వెంకాయమ్మకు అనుకూలంగా వచ్చింది. జబ్బు మిల్లు దుమ్ము వల్లే వచ్చిందని, పరిహారం మిల్లే కట్టాలని కమిషనరు గారు రాశారు. ఆ సోమవారాల సాక్ష్యమే కీలకమని ఇమ్మానుయేలు చెప్పాడు. అందరూ భయపడినట్టే మిల్లు వాళ్లు జైతున్‌బీ ముఠాను మాన్పించారు. మా ఆడవాళ్లు ఇప్పుడు మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తున్నారు. కొందరు ఆమెను మనసులో తిట్టుకుంటున్నారు గానీ పైకి అనరు.

తీర్పు వచ్చిన మర్నాడు జైతున్‌బీ నా వసారా ముందు ఆగింది. “రా, నాతో. ఒక్కదాన్నీ పోలేను,” అంది. ఇద్దరం ఎదురింటికి వెళ్లాం. వెంకాయమ్మ దిండ్లు ఆనించుకుని మంచంలో కూర్చుని ఉంది. జైతున్‌బీ కింద, చాప మీద కూర్చుంది. ఎప్పుడూ మంచం పట్టె మీద కూర్చునే మనిషి.

“ఆ రోజు నుంచి ఒక్క మాట అనలేదేమే నువ్వు? తిట్టు. నోరారా తిట్టు. నీ కాలు మీద పడమంటే పడతాను.”

వెంకాయమ్మ ఆమె రెక్క పట్టుకుని పైకి లాగబోయింది, శక్తి చాలలేదు. “నేను తిట్టేదేందక్కా. నా కేసు గెలవాలని... అంత నింద నెత్తినేసుకున్నావు. మా అమ్మ కూడా చేయదు. ఇమ్మానుయేలు చెప్పమన్నాడా? మా ఆయన కూడా అదే అన్నాడు, అక్క మన కోసం ఎంత అబద్ధం ఆడిందో అని.”

“అబద్ధం కాదే. నిజంగానే నేనే నిన్నిట్టా చేశాను.”

“ఊరుకో. నా ఒంటి సంగతి నాకు తెలవదా? నువ్వు ఆదివారం తీసుకుపోయిన మర్నాడే... ఎంత హాయిగా ఉండేదో. ఇంకో రెండేళ్లు నిలబడ్డానంటే నీ చలవే.”

“ఆ రోజు ఇదీ ఆసుపత్రిలో నా పక్కనే ఉంది. దీన్ని అడుగు,” అంటూ జైతున్‌బీ నన్ను ముందుకు నెట్టింది. వెంకాయమ్మ కళ్లలోకి చూసి నేను చెప్పాను. డాక్టరమ్మ అన్నది అన్నట్టే చెప్పాను, ఒక్క ముక్క వదలకుండా.

వెంకాయమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. జైతున్‌బీ లేచి వీపు రాసింది. దగ్గు తగ్గాక వెంకాయమ్మ ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, వీధిలోకి వినపడుతుందేమోనని తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

“కేసు అయిపోయిందిగా అక్కా. ఇంట్లో మనం మనమేగా. ఇంకా ఆ మాట ఎందుకు?”